తాష్‌కి నాలుగు చేతులెందుకు?

పోయిన క్రిస్మస్‌కి మా అక్క కొడుక్కి నార్నియా పుస్తకాల సెట్ కొనిచ్చాను. ఏడు పుస్తకాలు, అట్టపెట్టెతో సహా. వాడికి పదమూడేళ్ళు. బడిలో ఇంగ్లీష్ మీడియం, ఫోన్‌లో ఇంగ్లీష్ ఆటలు, ఇంట్లో మాత్రం నిఖార్సైన ఆర్మూర్ తెలుగు. ఫిబ్రవరి చివర్లో మళ్ళీ ఊరెళ్ళాను. పెర్కిట్ దగ్గర హైవే దిగగానే, అద్దాలు మూసి ఉన్నా సరే, కారు నిండా పసుపు ఉడుకుతున్న వాసన. వాడు డాబా మీద మూడో పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట ఇది:

"మామా, గీ పిలగాడు తెల్లగున్నడని వాళ్ళ నాయినకు పుట్టలేదంటున్నరు. గదెట్ల?"

ఆ మూడో పుస్తకం పేరు 'ది హార్స్ అండ్ హిజ్ బాయ్'. షాస్తా అనే కుర్రాడు దక్షిణాన కేలోర్మెన్ అనే దేశంలో ఒక జాలరి ఇంట్లో పెరుగుతుంటాడు. ఓ రాత్రి ఆ ఇంట్లో దిగిన దొర కుర్రాణ్ణి కొనుక్కోవాలని బేరం పెడతాడు. వీడు నా కొడుకని జాలరి అంటే, నీ చెంప నలుపు, వాడిది తెలుపు, ఎవరికి చెప్తావు ఈ కథ అంటాడు. దొర అన్నది నిజమే. కుర్రాడు ఉత్తరాదివాడు, దొంగిలించబడ్డ రాకుమారుడు. వాడి రాజవంశానికి మొదటి రుజువు వాడి ఒంటిరంగు.

మా అక్క తెల్లగా ఉంటుంది. బావ నలుపు. మావాడు అచ్చం బావ పోలిక. వాడి గొంతులో కోపం లేదు. లెక్క ఎక్కడో తప్పిందన్న అనుమానం ఉంది, అంతే. "పాత పుస్తకంరా, 1954ల అచ్చయింది" అని చెప్పి తప్పించుకున్నాను. ఎంత చచ్చు జవాబో చెప్తుండగానే నాకు తెలుసు. వాడికి పూర్తిగా చెప్పలేనిదేదో ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తున్నాను. ఇందులో మూడు వైపుల వాళ్ళకీ కోపం వస్తుందనుకుంటాను. రానివ్వండి.

ముందు నా పక్షం చెప్పేస్తాను. నేను నార్నియాని తిట్టడానికి రాలేదు. నేను పెరిగింది చర్చి ఇంట్లో. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, హాస్టల్లో ఎవరో వదిలేసి వెళ్ళిన మొదటి పుస్తకం చదివాను, 1950లో వచ్చిన సింహం, మంత్రగత్తె, బీరువా కథ. మంత్రగత్తె కోట ముంగిట్లో రాళ్ళుగా మారిపోయిన జంతువులు, రాక్షసులు నిలబడి ఉంటారు. ఆ పేజీ దగ్గర నాకు ఇంగ్లండ్ కనపడలేదు. మా సిద్ధులగుట్ట కనపడింది. ఆర్మూర్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊరి నెత్తిన, కాలిపోయినట్టు నల్లగా, ఒకదాని మీద ఒకటి ఒరిగిన బండలు. నవనాథ సిద్ధుల వల్లే ఊరికి 'ఆరు మూరు', అంటే తొమ్మిది, అని పేరొచ్చిందని మావాళ్ళు చెప్తారు. చిన్నప్పుడు మా గల్లీ పిల్లలందరికీ అది ఎవరో శపించిన సైన్యం. ఏ బండ ఏనుగో, ఏ బండ సేనాపతో కొట్లాడుకునేవాళ్ళం. అస్లాన్ వచ్చి ఆ రాళ్ళ మీద ఊపిరి ఊదితే ఒక్కొక్కటీ ప్రాణం పోసుకుని లేచే చోట, గుట్ట మొత్తం కదిలినట్టయింది నాకు.

ఇంకోటి. సింహాన్ని రాతిబల్ల మీద కట్టి చంపేశాక, ఆడపిల్లలిద్దరూ ఏడుస్తూ కూర్చుంటే, ఎలుకలు వచ్చి ఆ తాళ్ళు కొరుకుతాయి. ఏటా గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటలపాటు ఏడు మాటల మీద ప్రసంగాలు విని విని నాకు సిలువ ఒక అలవాటు అయిపోయింది. ఆ ఎలుకలు నన్ను మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళాయి. సి.ఎస్. లూయిస్ కోరుకున్నది సరిగ్గా ఇదే. కుర్రవయసులో నాస్తికుడై, 1931లో, ముప్ఫై రెండేళ్ళ వయసులో మళ్ళీ క్రైస్తవుడైన మనిషి. నీతి ముందు పెట్టుకుని దానికి కథ తొడగలేదనీ, మంచులో గొడుగు పట్టుకుని పొట్లాలు మోసుకెళ్తున్న ఒక మేకకాళ్ళ మనిషి బొమ్మ ముందు వచ్చిందనీ ఆయనే రాసుకున్నాడు. నేను నమ్ముతాను. ప్రచారం కోసం రాసిన కథలో ఎలుకలు రావు.

కాబట్టి ఫిలిప్ పుల్‌మన్ 1998లో నార్నియా మీద విరుచుకుపడ్డ తీరు నాది కాదు. ఆయన పేచీ లూయిస్ దేవుడితో. నా పేచీ లూయిస్ గీసిన పటంతో.

కేలోర్మెన్‌లో మనుషులు ఎలా ఉంటారు? నల్లని ముఖాలు, పొడుగు గడ్డాలు, తలపాగాలు, ముక్కు పైకి తిరిగిన చెప్పులు, వంపు కత్తులు. మాటకో సామెత చెప్తారు. రాజు పేరెత్తినప్పుడల్లా ఆయన చిరకాలం జీవించుగాక అనాలి. రాజధాని తాష్‌బాన్ వీధుల్లో స్నానం చెయ్యని మనుషుల వాసన, వెల్లుల్లి వాసన, ఉల్లి వాసన. అంటే మనిల్లే. ఇక వాళ్ళ దేవుడు తాష్. ఆఖరి పుస్తకం 'ది లాస్ట్ బ్యాటిల్'లో, 1956లో వచ్చిందది, ఆ దేవుడు నిజంగానే వస్తాడు. రాబందు తల. నాలుగు చేతులు.

నాలుగు చేతులు. ఇంగ్లండ్‌లో కూర్చున్న పిల్లవాడికి అది భయంకరమైన వివరం, అంతకుమించి ఏమీ కాదు. ఆర్మూర్‌లో ఉన్న పిల్లవాడికి, వాడు ఏ మతం వాడైనా సరే, నాలుగు చేతులంటే ఎదురింటి వాళ్ళ పూజగది. పక్కబెంచీ స్నేహితుడి మెడలో లాకెట్. లూయిస్ ఆ భయాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో ఊహించడం కష్టం కాదు. సామ్రాజ్యం నిండా అటువంటి బొమ్మలు చూసివచ్చినవాళ్ళ కబుర్ల మధ్య పెరిగిన తరం అది.

న్యాయంగా ఉండాలి కాబట్టి రెండో వైపు కూడా చెప్తాను. అదే పుస్తకంలో ఎమెత్ అనే కేలోర్మెన్ యువకుడున్నాడు. హీబ్రూలో ఆ మాటకి సత్యం అని అర్థం. జీవితాంతం తాష్‌నే కొలిచిన ఈ కుర్రాణ్ణి అస్లాన్ దగ్గరికి తీసుకుంటాడు. నువ్వు తాష్ పేరుతో చేసిన మంచి అంతా నా లెక్కలోనే పడిందంటాడు. ఇంత విశాలమైన మాట మన ఆదివారం ప్రసంగాల్లో నేను వినలేదు. ఆరావిస్ అనే కేలోర్మెన్ అమ్మాయి ఉంది, గుర్రమెక్కి పారిపోయి చివరికి ఉత్తరాది రాణి అవుతుంది. కేలోర్మెన్ వాళ్ళకి కథ చెప్పడం బడిలో నేర్పుతారని, ఇంగ్లీష్ పిల్లలకి వ్యాసరచన నేర్పినట్టు, తేడా ఏమిటంటే కథలు వినాలని అందరికీ ఉంటుంది, వ్యాసాలు చదవాలని ఎవరికీ ఉండదనీ లూయిస్ ఓ చురక వేస్తాడు. (ఈ వ్యాసం రాస్తున్నప్పుడు ఆ చురక నాకు గట్టిగానే తగిలింది.)

అయితే గమనించండి. మంచి కేలోర్మెన్ అన్నవాడు కేలోర్మెన్‌లో ఉండడు. ఆరావిస్ వెళ్ళిపోవాలి. ఎమెత్ తలుపు దాటి అవతలికి పోవాలి. దుబాయ్‌కీ, హైదరాబాద్‌కీ, అమెరికాకీ మనుషుల్ని పంపి పంపి అలసిపోయిన ఊరివాణ్ణి, నేనూ పంపబడ్డవాణ్ణే, ఈ కథ నాకు మరీ బాగా తెలుసు.

ఇప్పుడు మొదటి వైపు, అంటే మా చర్చి. పన్నెండేళ్ళప్పుడు నా సంచిలో పాత చందమామ ఒకటి దొరికిందని సండే స్కూల్లో పెద్ద గొడవ జరిగింది. ఏ చర్చి, ఎవరు అన్నది వదిలేయండి. అట్టమీద మాంత్రికుడి బొమ్మ ఉంది. "ఇది మంత్రాల పుస్తకం, ఇంట్ల పెట్టుకుంటే దయ్యాలొస్తయి" అన్నారు. మా అమ్మ భయపడి దాన్ని పొయ్యిలో పెట్టింది. ఆ సీరియల్ తర్వాత ఏమైందో తెలుసుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది. అదే గదిలో, అదే టీచరు, బిలాము గాడిద మాట్లాడిన కథ చెప్పారు. చేప కడుపులో మూడు రోజులున్న యోనా కథ చెప్పారు. ప్రకటన గ్రంథంలో ఏడు తలల ఘటసర్పం గురించి చెప్పి మమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వలేదు. ఇంట్లో అల్మారాలో బైబిల్ పక్కనే 'యాత్రికుని ప్రయాణము' ఉండేది. జాన్ బన్యన్ 1678లో రాసిన పుస్తకానికి తెలుగు. భూతాలు, కోటలు, పిల్లల్ని వణికించే రాక్షసుడు, అన్నీ అందులో ఉన్నాయి. అది ఫాంటసీ సాహసం కాకపోతే మరేమిటి?

ఇవాళ మావాడు వెళ్ళే చర్చిలో నార్నియాని బహుమతిగా ఇస్తున్నారు. ఆ మధ్య పిల్లల పోటీల్లో ఇచ్చారట. ఇంగ్లీష్‌లో ఉంటే మంత్రగత్తె కూడా పరిశుద్ధురాలే అన్నమాట. తెలుగులో ఉంటే సాతాను. నాకు మండేది ఇక్కడ. దైవభక్తి పేరుతో వీళ్ళు కాపాడుతున్నది విశ్వాసాన్ని కాదు, దిగుమతి సరుకుని.

రెండో వైపు మనం. అంటే ఈ పేజీలు చదివే, రాసే మనం. ఓ సాహిత్య సమావేశం తర్వాత టీ తాగుతూ, తెలుగులో టీనేజ్ పిల్లలకి క్రైస్తవ నేపథ్యంలో సాహస ఫాంటసీ ఎందుకు ఉండకూడదు అని అడిగాను. నేను గౌరవించే ఓ మిత్రుడు నవ్వి, "అది సాహిత్యం ఎందుకవుతుంది, మతప్రచారం అవుతుంది గానీ" అన్నాడు. పక్కనున్నాయన, "డబ్బులెవరిస్తున్నారో కూడా చూడాలి" అన్నాడు.

సరే, చూద్దాం. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో చందమామలో 'తోకచుక్క'తో మొదలుపెట్టారు. షాస్తా కథ అచ్చయిన సంవత్సరమే. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా చిత్రా బొమ్మలతో సీరియల్ మీద సీరియల్. 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'యక్షపర్వతం', 'మాయా సరోవరం'. కాలభైరవులు, యక్షులు, శిథిలాలయాలు, సిద్ధసాధకులు. రాసినాయన స్వయంగా నాస్తికుడు. ఆ సీరియళ్ళని ఎవరైనా మతప్రచారం అన్నారా? అనకూడదు కూడా, ఎందుకంటే కాదు. యక్షుడు, భైరవుడు మనందరి ఉమ్మడి సామాను అని నాస్తికుడూ ఒప్పుకున్నాడు, క్రైస్తవ పిల్లవాణ్ణైన నేనూ ఒప్పుకున్నాను, కొట్టించుకుని మరీ చదివాను. 2024లో వచ్చిన 'హనుమాన్' సూపర్ హీరో సినిమా. అదే ఏడాది 'కల్కి 2898 ఏడీ' సైన్స్ ఫిక్షన్. అమీశ్ త్రిపాఠీ శివుడి మీద రాసిన మూడు పుస్తకాలు ఫాంటసీ. టికెట్ కొన్నాను, పుస్తకాలూ కొన్నాను, ఈలలు కూడా వేశాను. నా ప్రశ్న ఒక్కటే. గద పట్టుకుంటే ఫాంటసీ అయ్యేది, సిలువ కనిపిస్తే ప్రచారం ఎందుకవుతుంది? సిద్ధులగుట్ట మీద ఒక దేవదూత దిగితే డబ్బులెక్కడివని అడిగే మనం, అదే గుట్ట మీద యక్షుడు దిగితే చిత్రా బొమ్మ వేసుకుని మురిసిపోతాం. ఈ తేడాకి ఒక పేరుంది. ఆ పేరు పెట్టి పిలిస్తే మిత్రుడు నొచ్చుకుంటాడు.

'అసలు తెలుగులో అది కుదరదు, అతకదు' అనేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి నేను చూపించేది చర్చి పాటల పుస్తకం. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిచి చూడండి. పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890లో పోయాడు. ఆయన క్రీస్తు మీద రాసిన కీర్తనలు త్యాగయ్య, రామదాసు కీర్తనలు పాడుకున్న గొంతులోనే పాడుకోవచ్చు. ఇంగ్లీష్ దొరల బాణీకి తెలుగు మాటలు ఇరికించిన పాటలూ ఆ పుస్తకంలోనే ఉన్నాయి, ఏది గొంతులో నిలుస్తుందో మా నాయనమ్మకి తెలుసు. చదువు రాని మనిషి, చౌదరి కీర్తనలు పుస్తకం లేకుండా పాడేది. పాటలో నూట యాభై ఏళ్ళ కిందట జరిగిపోయిన పని కథలో ఎందుకు జరగలేదు?

జాషువా సంగతి మరీ వింత. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చాం. గౌరవించి అటకెక్కించాం. నేను మాట్లాడదలచుకున్నది 'గబ్బిలం' గురించి. గుడిలోకి పోనివ్వని మనిషి, గర్భగుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని పట్టుకుని, నా గోడు శివుడికి చెప్పిరమ్మని కాశీకి పంపుతాడు. గబ్బిలానికున్న ప్రవేశం తనకి లేదు. ఇంతకంటే పదునైన ఫాంటసీ ఎత్తుగడ నాకు లూయిస్‌లోనూ కనిపించలేదు. వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టినాయన, కాళిదాసు మేఘాన్ని తీసుకుని గబ్బిలం చేశాడు. శివుణ్ణి రాక్షసుణ్ణి చెయ్యలేదు. శివుణ్ణి నిలదీశాడు. ఈ రెంటికీ ఎంత దూరం ఉందో చూడండి. మనకి కావలసిన మొత్తం విద్య ఆ దూరంలోనే ఉంది.

దాంతో మూడో వైపుకి వస్తాను. మా వాళ్ళలోనే, రేపు ఇటువంటి పుస్తకం రాయాలని సరదాపడే కుర్రాళ్ళు. మీరెలా రాస్తారో నాకు భయంగానే ఉంది. మందిరానికి వెళ్ళే హీరో, ఊరి చివర మంత్రగాడు, ఎల్లమ్మ గుడి దగ్గర దయ్యం, ప్రార్థన చేయగానే పొగ, చివర్లో ఊరంతా బాప్తిస్మం. అమెరికాలో ఈ సరుకు కుప్పలుగా ఉంది. ప్రపంచాంతం మీద పెద్దలకి రాసిన 'లెఫ్ట్ బిహైండ్'ని పిల్లల కోసం మళ్ళీ నలభై చిన్న పుస్తకాలు చేశారు. కొన్ని తిరగేశాను. ఒక్క ఎలుక లేదు. అలాంటిది తెలుగులో వస్తే, టీ కొట్టు దగ్గర నా మిత్రుడన్నది నిజమైపోతుంది. అంతకన్నా ముఖ్యం, అది ఎదురింటి పిల్లవాడికి నాలుగు చేతులు తగిలిస్తుంది. లూయిస్‌కి కనీసం కేలోర్మెన్ సముద్రాల అవతల ఉంది. మీకు గోడ అవతల ఉంది.

ఇందులో మన జానపదం కూడా చేతులు కడుక్కోలేదు. బాలనాగమ్మ కథలో మనుషుల్ని రాళ్ళు చేసేది మాయల ఫకీరు. కొన్నిచోట్ల వాణ్ణే మాయల మరాఠీ అంటారు. ఫకీరు, మరాఠీ, ఎవరు బయటివాడైతే వాడే మాయావి. నిజామాబాద్ జిల్లాలో, ఇంటి గోడకి గోడగా మసీదు, గుడి, చర్చి ఉన్న గల్లీల్లో పెరిగిన మేం ఆ కథని కేరింతలు కొడుతూ విన్నాం. వినేవాళ్ళలో ఫకీరు మనవడు కూడా ఉన్నాడేమో అని ఎవరికీ తట్టలేదు. లూయిస్ ఒక్కడినే బోనెక్కించడం నాకు ఇష్టం లేదు.

మరి చెడుని ఎక్కడ పెట్టాలి? పక్కవాడి దేవుడిలో కాకుండా ఇంకెక్కడైనా అంటే, నేను ఆర్మూర్ నుంచి పాతిక కిలోమీటర్లు చూపిస్తాను. డిచ్‌పల్లి. ఇప్పుడక్కడ తెలంగాణ యూనివర్సిటీ ఉంది. వందేళ్ళ కిందట ఇసాబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ అక్కడ కుష్ఠు రోగులకి ఆస్పత్రి కట్టించింది. వెస్లియన్ మిషన్ వాళ్ళది. దానికి పెద్ద మొత్తం ఇచ్చింది నిజామాబాద్ దాత నర్సాగౌడ్ గారు, హిందువు. అది నిజాం రాజ్యం. ఒక హిందువు డబ్బుతో, ముస్లిం రాజు గడ్డ మీద, ఒక క్రైస్తవ స్త్రీ కట్టిన ఊరు. సల్ఫోన్ మందులు రాకముందు అక్కడ గింజల నూనె సూదిమందు పొడిచేవారు. నెలల తరబడి, నొప్పి భరిస్తూ.

ఇప్పుడు ఊహించండి. వేళ్ళు మొద్దుబారిన పన్నెండేళ్ళ పిల్ల. ఊరివాళ్ళు వెలివేశారు. బావి దగ్గరికి రానివ్వరు. ఇంట్లో వాళ్ళు రాత్రిపూట గిన్నె బయట పెడతారు. డిచ్‌పల్లిలో చేర్చుకుంటారని ఎవరో చెప్పారు. ఎక్కడుందో తెలియదు. పసుపు బండ్ల వెనక, గుట్టల నీడలో, రాత్రులు మాత్రమే నడవాలి. దారిలో రాళ్ళు మాట్లాడనివ్వండి. సిద్ధుడు ఒకడు దారి చూపించనివ్వండి. దర్గా దగ్గర ఓ ఫకీరు సగం రొట్టె పెట్టనివ్వండి. ఈసారైనా ఫకీరుకి మంచి పాత్ర ఇద్దాం. ఆ పిల్ల రాళ్ళ మధ్య చూసే సింహమో, గొర్రెపిల్లో, మరొకటో మీ ఇష్టం. దానికి పేరు కూడా పెట్టక్కర్లేదు. అందులో శత్రువు ఊరి భయం. దానికి తలలు ఎన్నైనా పెట్టుకోండి, ఏడైనా సరే.

అటుపక్క మెదక్‌లో చర్చి గోపురం ఉంది. కరువుకాలంలో వేలమంది కూలీలకి అన్నం పెట్టి కట్టించిన కట్టడం, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. సూర్యుడు పడితే రంగులు మండే గాజు కిటికీలు. క్రిస్మస్‌కి అన్ని మతాలవాళ్ళూ వచ్చి మైదానంలో వంటలు చేసుకుంటారు. బీరువా తలుపు కోసం ఆక్స్‌ఫర్డ్ దాకా పోవాలా?

ఇది నువ్వే రాయొచ్చు కదా అంటారు. నేను కోడ్ రాసి బతికేవాణ్ణి, కథ రాయడం రాదు. రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ మూడో పేజీకల్లా పాస్టరయ్య ప్రసంగం మొదలైంది. రాయగలిగినవాళ్ళు చాలామంది ఈ పత్రిక చదువుతారని తెలుసు. వాళ్ళలో చర్చి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారని తెలుసు. సాహిత్య సభల్లో ఆ సంగతి బయటపడకుండా ఎంత జాగ్రత్తగా కూర్చుంటారో కూడా తెలుసు. నేనూ అలాగే కూర్చున్నాను.

మావాడు ఆరు పుస్తకాలు ముగించాడు. ఆదివారం ఫోన్ చేసి, ఆఖరిది మొదలుపెట్టానన్నాడు. గాడిదకి సింహం తోలు కప్పిన దగ్గరున్నాడట, తెగ నవ్వుతున్నాడు. తాష్ ఇంకా రాలేదు.